ఎక్కడికి అని అడగకూడదు

సముద్రానికి బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. మా నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం అది, ఈత కంటే ముందు. అడిగితే చేప వింటుంది, అల వింటుంది, అడ్డం తిరుగుతుంది. వెళ్ళేవాడు కూడా చెప్పకూడదు. మరీ చెప్పాల్సి వస్తే "అలా తిరిగొస్తా" అనాలి. వల భుజాన వేసుకున్నవాడైనా, అలలెక్కే బోర్డు ట్రక్కులోకి ఎక్కించినవాడైనా అదే మాట. పొరపాటున ఎవరైనా అడిగారో, ఇక ఆ రోజుకి ప్రయాణం మానుకుని సామాను లోపల పెట్టేయాల్సిందే. మా ఊళ్ళో మూడేళ్ళ పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. తెలియనిది మా మరదలికే.

మరదలి పేరు కెహావు. పేరు మాదే, రక్తం మాదే, పెరగడం మాత్రం లాస్ వేగస్‌లో. హవాయిలో ఇంటి అద్దెలు భరించలేక దాని అమ్మానాన్నలు ఆ ఎడారికి పోయి హోటళ్ళలో పనికి కుదిరారు. మా తమ్ముడు మకోవా ఎవరి పెళ్ళికో అక్కడికి వెళ్ళి, నలభై దాటిన బ్రహ్మచారి, ఈ పిల్లని పెళ్ళాడి వెంటబెట్టుకొచ్చాడు. ఈత రాదు. అలల వైపు వీపు పెట్టి నిలబడి ఫొటోలు తీసుకునేది. నేను దాన్ని ఎడారి పిల్ల అని పిలిచేదాన్ని. మంచిదే పాపం, ఒక్కనాడు ఎదురు చెప్పలేదు. నా నోరే మంచిది కాదు.

వచ్చిన రెండో వారంలో అనుకుంటాను. తెల్లవారి అయిదు గంటలు. మా రెండిళ్ళూ ఒకే స్థలంలో ఉన్నాయి, మధ్యలో వాననీళ్ళ ట్యాంకు. నేను మెట్ల మీద కాఫీతో కూర్చున్నాను. మకోవా బోర్డు ట్రక్కులో పెట్టి తాడు బిగిస్తున్నాడు. కెహావు నిద్రకళ్ళతో గుమ్మంలోకి వచ్చి, "ఎక్కడికి?" అంది.

వాడి చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఆ తాడునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా ముడి విప్పి, బోర్డు దించి, గోడకి ఆనించాడు.

"ఏమైంది? వెళ్ళట్లేదా?"

"ఇవాళ మనసు లేదులే. ఇంకో కునుకు తీస్తా" అని నవ్వుతూ లోపలికి పోయాడు. వాడంతే. ఎవర్నీ నొప్పించడు. ఆ పని ఎప్పుడూ నాకు వదిలేస్తాడు.

"ఇదిగో పిల్లా, ఇలా రా" అన్నాను. "సముద్రానికి పోయేవాణ్ని అలా అడగొచ్చా? వారం నుంచి ఆ అల కోసం కాసుకు కూర్చున్నాడు వాడు. నీ ఒక్క మాటతో చెడగొట్టావు."

"నాకు తెలీదు వదినా. అంటే, అసలు అడగనే కూడదా?"

"కూడదు."

"మరి ఏమైనా జరిగితే? ఎక్కడున్నారో మనకెలా తెలుస్తుంది?"

"ఏమీ జరగదు. అడక్కపోతే ఏమీ జరగదు. అందుకే అడగొద్దనేది."

"ఒక్కరికైనా చెప్పి వెళ్ళొచ్చు కదా..."

"అవన్నీ మీ ఎడారిలో. మా అమ్మ ముప్పై అయిదేళ్ళు కాపురం చేసింది, మా నాన్నని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆయనకేం కాలేదే! మంచం మీద పోయాడు దర్జాగా."

కెహావు తల దించుకుని సరేనంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. చెప్తే నేర్చుకునే మనిషి.

మా నాన్న మమ్మల్ని అలలెక్కించిన చోటు ఇప్పుడు లేదు. నాలుగేళ్ళ కిందట మా అగ్నిపర్వత దేవత పెలే తల్లి కొండ దిగి వచ్చి, బొప్పాయి తోటలు తిని, రోడ్డు తిని, చివరికి ఆ కడలి మూల మీద కూర్చుంది. ఆమె స్థలం ఆమె తీసుకుంది, మనం ఏమంటాం? మా నాన్న బోర్డులు ఆరబెట్టిన రాయి మీద ఇప్పుడు రెండు నిలువుల లావా ఉంది. అది సముద్రంలో కలుస్తుంటే ఆవిరి పైకి లేవడం మేం దూరం నుంచి చూశాం. మకోవా ఏడ్చాడు. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ తర్వాత మాకు మిగిలింది పడవలు దింపే పాత రేవు ఒక్కటే. ఊరంతా అక్కడే. ఒక అల వస్తే పదిమంది దాని మీద పడతారు, కుళాయి దగ్గర బిందెల్లాగా. మకోవాకి ఆ గుంపు నచ్చేది కాదు. అయినా వెళ్ళేవాడు. వెళ్తున్నాడనే నేను అనుకున్నాను.

ఈ మధ్య వాడి రబ్బరు చెప్పులు తరచూ తెగిపోతుంటే నవ్వాను. "ఏరా, చెప్పులు తింటున్నావా?" అన్నాను. "ఆకలేస్తే ఏం చెయ్యను అక్కా, నీ మరదలి వంట అలాంటిది" అన్నాడు. కెహావు గరిటె విసిరింది. అందరం నవ్వుకున్నాం. నవ్వుకోవడం కాకుండా, ఏ రాళ్ళ మీద నడుస్తున్నావురా అని నేనైనా అడగాల్సింది.

ఆ మంగళవారం తెల్లారి కూడా నేను అదే మెట్ల మీద, అదే కాఫీతో ఉన్నాను. వాడు బోర్డు ఎక్కించాడు. పైన పసుపు, అడుగున తెలుపు, మా నాన్న చెక్కిచ్చిన పాత బోర్డు. కెహావు అన్నం ముద్ద మీద స్పామ్ అనే డబ్బా మాంసం ముక్క పెట్టి చుట్టిన ముసుబి రెండు పొట్లం కట్టి చేతికిచ్చింది. నోరు తెరిచింది. నా వైపు చూసింది. మూసుకుంది.

"అలా తిరిగొస్తా" అన్నాడు మకోవా.

"సరే" అంది.

నేను భేష్ అన్నట్టు తలూపాను. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ ఈ తలని గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

మేమిద్దరం బొప్పాయి షెడ్డులో పని చేస్తాం. నేను కాయలు ఏరతాను, వాడు పెట్టెలు లారీకి ఎక్కిస్తాడు. ఎనిమిదిన్నరకి రావాలి. రాలేదు. తొమ్మిదయింది. లారీవాడు విసుక్కుంటుంటే నేను సర్దిచెప్పాను. పైకి తిట్టుకున్నాను కానీ లోపల నవ్వుకున్నాను కూడా. అలలు బాగున్నాయన్నమాట, రానీ వెధవని అనుకున్నాను. తొమ్మిదిన్నరకి కెహావు ఫోన్ చేసింది.

"వదినా, ఆయన షెడ్డుకి వచ్చారా?"

"ఇంట్లో లేడా?"

"లేరు. ఫోన్ ఇక్కడే ఉంది."

పాతికేళ్ళలో వాడు పనికి ఆలస్యంగా వచ్చింది రెండే రెండుసార్లు. చేతి తొడుగులు అక్కడే పడేసి బయల్దేరాను.

దారిలో ఎలియా మామని ఎక్కించుకున్నాను. ఎలియా మామ మా నాన్న ఈడువాడు, ఇద్దరూ కలిసి అలలెక్కినవాళ్ళు. ఈ ఒడ్డున ఏ రాయి కింద ఏ సుడి ఉందో ఆయనకి తెలియనిది లేదని మా అందరి నమ్మకం, ఆయన నమ్మకం కూడా. రోడ్డు చివర, లావా అడ్డం పడి ఆగిపోయిన చోట, మకోవా ట్రక్కు కనిపించింది. బోర్డు లేదు. అక్కడి నుంచి ఎడమకి, ఉత్తరం వైపు, కాలిబాట పాత రేవుకి పోతుంది. కుడికి దారి లేదు. కంటికి ఆనినంత దూరం నల్ల రాయి, గంటకి పైగా నడిస్తే కొండచరియ, దాని కింద సముద్రం.

ఎడమకి పరుగెత్తాం. రేవులో ఏడెనిమిది మంది ఉన్నారు. మకోవాని ఎవరూ చూడలేదు.

"తెల్లారకముందే వచ్చుంటాడు" అన్నాడు ఎలియా మామ. "వీళ్ళు దిగేలోపే నీటి లాగుడు పట్టుకుపోయుంటుంది. ఇవాళ లాగుడు ఉత్తరానికి ఉంది. ఆ మలుపు దాటి చూడాలి."

నాకూ అదే సబబుగా తోచింది. రేవులోని కుర్రాళ్ళు ఇద్దరు అప్పటికే బోర్డుల మీద మలుపు వైపు సాగిపోయారు. అప్పుడు వచ్చింది కెహావు, పక్కింటివాళ్ళ కారులో. చేతిలో జామ్ సీసా ఉంది.

"వదినా, ఒక మాట."

"ఏంటి, త్వరగా చెప్పు."

సీసా మూత తీసి అరచేతిలో ఒంపుకుంది. నల్ల ఇసుక. "ఆయన నిక్కర్లు నేనే ఉతుకుతాను కదా. రెండు నెలల నుంచి జేబుల్లో ఈ ఇసుక వస్తోంది. మెరుస్తుంది కదా అని దాచిపెట్టాను. చూడండి, ఈ రేవు ఇసుక మెత్తగా ఉంటుంది, ఇది గాజు పెంకుల్లా గుచ్చుకుంటోంది. ఇది కొత్త ఇసుక వదినా. లావా వైపుది."

"అటు బీచ్ ఎక్కడుంది? అంతా కొండచరియ."

"చెప్పులు కూడా ఊరికే తెగుతున్నాయి. రేవుకి వెళ్ళే మట్టి దారిలో అలా..."

"కెహావూ!" అని అరిచాను. "నలభై ఏళ్ళుగా ఈ ఒడ్డున అలలెక్కుతున్నదాన్ని. ఎక్కడ ఇసుకుందో, ఎక్కడ రాయుందో ఎడారి నుంచి వచ్చి నువ్వు నాకు చెప్తావా?"

ఎలియా మామ ముక్కుతో చిన్నగా నవ్వాడు. ఎగతాళి అని కాదు, కంగారులో వచ్చిన నవ్వు. కెహావు మెడ దాకా ఎర్రబడింది. అరచేతిలో ఇసుకని మళ్ళీ జాగ్రత్తగా సీసాలో పోసుకుని మూత పెట్టింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, పుట్టినప్పటి నుంచీ అంతే. అప్పుడు టైము పది నలభై. ఆ వెంటనే రెస్క్యూ వాళ్ళకి నేను చేసిన ఫోన్ కాల్ ఇంకా నా ఫోన్లో ఉంది, పది నలభై ఒకటి అని.

హెలికాప్టర్ వచ్చేసరికి పన్నెండయింది. రెస్క్యూ కెప్టెన్ మా మనిషే, కొండకి అవతలి ఊరివాడు. కాగితాలు తీసి, వయసు, బట్టలు, బోర్డు రంగు రాసుకున్నాడు. ఆ తర్వాత కొంచెం ఇబ్బందిగా తల గోక్కుని, "ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికైనా..." అని ఆగాడు.

"మేం అడగం" అన్నాను.

"తెలుసు పెద్దమ్మా. మా ఇంట్లోనూ అడగరు. పోనీ, ఎటు చూడమంటారు?"

నేను చెయ్యెత్తి ఉత్తరం వైపు చూపించాను. ఎలియా మామ కూడా అటే చూపించాడు. కెహావు నా వెనకాలే ఉంది. సీసా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మాట్లాడలేదు. మాట్లాడనిస్తే కదా!

మూడు గంటల సేపు ఆ హెలికాప్టర్ ఉత్తరం వైపు నీళ్ళ మీద తిరిగింది. వెళ్తూ వస్తూ మా తలల మీదుగా, లావా మీదుగా ఒకటి రెండుసార్లు మలుపు తీసుకుంది. ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. ఒక్కటే వేడుకున్నాను, పొద్దు గుంకేలోపు దొరకనీ, ప్రాణంతో దొరకనీ, కాలో చెయ్యో పోయినా పరవాలేదు నేను చూసుకుంటాను అని. మా నాన్న పోతూ వాణ్ని నా చేతిలో పెట్టాడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు. పెళ్ళయినా, నెరిసినా, నాకు వాడు ఆ పంతొమ్మిదేళ్ళవాడే. మూడింటికి వాన మొదలైంది. మబ్బు నేల దాకా దిగింది. హెలికాప్టర్ వెనక్కి పోయింది. వాన తెరిపిస్తే వస్తామన్నారు.

అయిదింటికి చినుకు ఆగింది. ఎవరో అన్నం పెట్టెలు తెచ్చి పంచుతున్నారు. ఎలియా మామ ఒకటి పట్టుకుని అటూ ఇటూ చూసి, "నీ మరదలేదీ?" అన్నాడు.

లేదు. కారులో లేదు, రేవులో లేదు. అన్నం పంచే ఆమె చెప్పింది, "మూడున్నరప్పుడు వానలోనే అటు పోవడం చూశాను. ఎక్కడికమ్మా అని అడగబోయి ఊరుకున్నాను, సముద్రం దగ్గర అడగడమెందుకని."

అటు అంటే కుడికి.

అప్పుడు తగిలింది నాకు. సీసాలో మెరిసిన ఇసుక, తెగిన చెప్పులు, పాత రేవు గుంపంటే వాడికున్న చిరాకు, అన్నీ ఒక్కసారి వరసగా నిలబడ్డాయి. లావా చల్లారాక ముక్కలై సముద్రంలో పడి, అలలు దాన్ని దంచి దంచి ఎక్కడో ఒక చోట పోగేస్తాయి. అదే కొత్త ఇసుక. నాన్న అల చచ్చిపోయిన చోట వాడు కొత్త అల కనిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని నేర్పిన ఇల్లు మాది.

లావా మీద పరుగెత్తడం కుదరదు. ఎలియా మామ, నేను, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక స్ట్రెచర్. చెప్పు జారితే మోకాలు చీరుకుపోతుంది. ఎక్కడెక్కడో ఇంకా నేల లోపలి నుంచి వేడి ఆవిరి వస్తోంది. ఎలియా మామ రెండుసార్లు పడ్డాడు. "నేనే చెప్పాను ఉత్తరమని, నేనే చెప్పాను" అని గొణుక్కుంటూ నడిచాడు. ఊరుకో మామా అనే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఆరుంబావుకి చరియ అంచు మీద నుంచి కిందికి చూశాను. నాలుగిళ్ళ వాకిళ్ళంత బీచ్, బొగ్గులాంటి నలుపు. దాని ముందు అలలు. ఇప్పుడు ఈ మాట అనకూడదు గానీ, అంత మంచి అల నేను మా నాన్న పోయాక చూడలేదు. నడుమెత్తు, నున్నగా వచ్చి, మధ్యలో విచ్చుకుని రెండు వైపులా ఒకే తీరుగా విరుగుతోంది. దాని మీద ఒక్క మనిషి లేడు. దాన్ని చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

బీచ్ మీద బోర్డు నిలువుగా పాతి ఉంది, తెల్లటి అడుగు భాగం ఆకాశం వైపు తిప్పి. దాని పక్కన కెహావు కూర్చుని ఉంది. ఒళ్ళో మకోవా తల.

దిగాం. ఎలా దిగానో తెలియదు. వాడి ఎడమ కాలు మోకాలి కింద విరిగి పక్కకి తిరిగి ఉంది. ఆ ఇసుక కింద ఇంకా బండలున్నాయి, వారానికో చోట పైకి తేలతాయి. తొడ మీద జానెడు కోత, బోర్డు అడుగున ఉండే రెక్క కోసినది. దాని పైన కాలికి కట్టుకునే బోర్డు తాడుని మెలిపెట్టి బిగించుకున్నాడు. నాన్న నేర్పినట్టే బిగించుకున్నాడు. ముసుబి పొట్లం ఒకటి విప్పి తిన్నాడు. రెండోది అలాగే ఉంది.

కెహావు తన చొక్కా తీసి వాడి మొహం మీద వాన పడకుండా పట్టుకుని ఉంది. వాన ఆగి గంట దాటింది, అయినా పట్టుకునే ఉంది.

"కెహావూ" అన్నాను.

"నేను వచ్చేసరికి ఇంకా వెచ్చగానే ఉన్నారు వదినా" అంది.

"ఇక్కడ రాయి వెచ్చగా ఉంటుందమ్మా" అన్నాను. "కింద వేడి ఉంటుంది కదా. అందుకని ఒళ్ళు అలా... వాడు పొద్దున్నే పోయుంటాడు. దెబ్బ తగలగానే పోయుంటాడు. బాధపడి ఉండడు." ఆమెకి చెప్పానా, నాకు చెప్పుకున్నానా? ఇద్దరికీ అవసరమే అనుకున్నాను.

ఎలియా మామ ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఏం చూస్తున్నాడో నేనూ చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఈ ఒడ్డున పెరిగిన మాకు ఇసుక చదవడం ఎవరూ ప్రత్యేకం నేర్పరు. ఆ రోజు పోటు ఒంటిగంటా ఇరవైకి. బొప్పాయి షెడ్డులో క్యాలెండర్ మీద కూడా రాసి ఉంటుంది. పోటు ఎక్కడిదాకా ఎక్కిందో ఇసుక మీద గీత గీసినట్టు ఉంది. వాడు పడుకున్న చోటి నుంచి ఒక గాడి బయల్దేరి, ఆ గీత దాటి, పది బారలు కిందికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మోచేతులతో ఒళ్ళు ఈడ్చుకున్న గాడి. పోటు నీళ్ళు దాన్ని చెరపలేదు. అంటే నీళ్ళు దిగాక చేసింది. దాని మీద నిండా వాన చినుకుల గుంటలున్నాయి. అంటే మూడింటి లోపు.

బోర్డుని నీళ్ళు కిందికి లాక్కుపోతే, దానికోసం విరిగిన కాలితో పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకుని, తెల్లటి వైపు పైకి పెట్టి పాతాడు. హెలికాప్టర్ చప్పుడు విన్నాడు. నేను ఉత్తరానికి పంపించిన హెలికాప్టర్ అది.

పది నలభైకి కెహావు చెప్పింది. గంటన్నర నడక. లెక్క వేయడం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను ఇసుకలో కూలబడి నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చాను. "నన్ను తిట్టు. నాలుగు తన్ను. నువ్వు చెప్పావు, నేను వినలేదు. ఏదో ఒకటి అను" అన్నాను.

కెహావు వాడి జుట్టులో ఇసుక దులిపింది. "ఏమనను వదినా" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. "పొద్దున అడగాలనుకున్నాను. నోటి దాకా వచ్చింది. మీరు కూర్చుని ఉన్నారు కదా అని ఊరుకున్నాను."

స్ట్రెచర్ మీద వాడిని మోసుకుంటూ తిరిగి వచ్చాం. మరుసటి రోజు డాక్టరు, ప్రాణం పోయింది సాయంత్రం నాలుగున్నరకీ అయిదుకీ మధ్య అన్నాడు. ఆ మాట నేను కెహావుకి చెప్పలేదు. ఆమె కూడా ఆ గదిలోనే ఉందని తర్వాత గుర్తొచ్చింది.

బూడిద సముద్రంలో కలిపే రోజు ఊరంతా బోర్డుల మీద నీళ్ళలోకి వచ్చింది. గుండ్రంగా చేరి, పూలదండలు వదిలి, చేతులతో నీళ్ళు చరిచి వాడి పేరు అరిచారు. కెహావుకి ఈత రాదు కదా, ఎలియా మామ పడవలో ముందు కూర్చుంది. బూడిద తనే వదిలింది. దానితోపాటు జామ్ సీసాలోని ఇసుక కూడా ఒంపేసి, ఖాళీ సీసాకి మూత బిగించి ఒళ్ళో పెట్టుకుంది. ఒడ్డుకి వచ్చాక చాలామంది ఆమెని కౌగిలించుకున్నారు. ఒక ముసలామె, "ఎడారికి తిరిగి పోతావా అమ్మా?" అంది. "లేదండీ, ఇక్కడే ఉంటాను" అంది కెహావు. ఎందుకు ఉంటానందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పక్కింట్లోనే ఉంది. షెడ్డులో వాడి పని వేరేవాళ్ళకిచ్చారు, ఈమె నా పక్కన కూర్చుని కాయలు ఏరుతుంది. వదినా, ఈ కాయ పండిందా, చూడండి అంటుంది. అన్నం వండితే గిన్నెలో పెట్టి పంపిస్తుంది. ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుతుంది.

నాలుగు నెలలు నేను నీళ్ళలో కాలు పెట్టలేదు. నిన్న కొత్త అలలు వస్తున్నాయన్నారు. తెల్లవారి అయిదింటికి లేచాను. వాడి పసుపు బోర్డు బయటికి తీశాను. ఆ బీచ్‌కే వెళ్దామనుకున్నాను. ఒక్కదాన్నే, ఈ యాభై రెండేళ్ళ మోకాళ్ళతో. ఎందుకు అంటే చెప్పలేను. తిరిగి రావాలని గట్టిగా ఏమీ లేదు నాకు, నిజం చెప్పాలంటే.

ట్రక్కులో బోర్డు పెట్టి తాడు కడుతుంటే పక్కింటి తలుపు తెరుచుకుంది. కెహావు బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో కాఫీ గ్లాసు. నన్ను చూసింది. బోర్డు చూసింది.

నా చేతులు ఆగిపోయాయి. అడుగు తల్లీ, అనుకున్నాను. ఒక్కసారి అడుగు. నువ్వు అడిగితే నేను ఈ తాడు విప్పేస్తాను, బోర్డు లోపల పెట్టేస్తాను, ఈ జన్మకి మళ్ళీ తియ్యను. ముడి వేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ వేశాను. చూస్తూనే ఉంది.

కాఫీ ఒక గుక్క తాగింది. మిగిలింది గడ్డిలో పారబోసింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"కొత్త బీచ్‌కి వెళ్తున్నా!" అని అరిచాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. యాభై రెండేళ్ళలో మొదటిసారి అంటున్న మాట అది. "కెహావూ! లావా అవతలి బీచ్‌కి! పదకొండుకల్లా వచ్చేస్తా! రాకపోతే అక్కడే చూడండి!"

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. గ్లాసు కడుగుతోంది. నేను ట్రక్కు తలుపు పట్టుకుని, మళ్ళీ తెరుచుకుంటుందేమోనని ఆ గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను.